కుర్చీలో రాయించుకున్న మామ్మ

"తుఫాను వస్తే మీరేమీ కంగారు పడక్కర్లేదండీ. నలుగురు మనుషులు మీ ఇంటికే వస్తారు. మిమ్మల్ని పడుకోబెట్టి జాగ్రత్తగా మోసుకుపోతారు. మీరు పేరు రాయించుకుంటే చాలు."

ఈ మాటలు నేను ఒక ఇంటి దగ్గర కాదు, వీధి పొడుగునా చెప్పుకుంటూ వెళ్లాను. నవ్వు మొహం పెట్టుకుని మరీ చెప్పాను. అప్పటికి నాకు నిండా పాతికేళ్లు లేవు. పెళ్లై, మా ఆయన పోర్టు ఉద్యోగం వెంట విశాఖపట్నం వచ్చి, గెడ్డకు ఎగువనున్న చిన్న బడిలో పంతులమ్మగా చేరాను. కొండల మీంచి దిగి సముద్రంలో కలిసే వాగును ఇక్కడ గెడ్డ అంటారు. మాది కృష్ణా జిల్లా కాబట్టి అచ్చమైన తెలుగంటే మాదేనని లోపల కాస్త గీర కూడా ఉండేది. ఆ అచ్చమైన తెలుగులోనే, డెబ్బై ఏళ్లు దాటినవాళ్ల గుమ్మాల్లో నిలబడి, నలుగురు వచ్చి మోసుకుపోతారని శుభవార్తలా చెప్పాను.

మొదటి ఇంటి ముసలాయన నా మొహంలోకి చూసి, ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. చెవుడేమో అనుకున్నాను. రెండో ఇంట్లో కోడలు బయటికొచ్చి, "మాయత్తకి బాగానే ఉందమ్మా, రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తింది" అంది. తిండి సంగతి నేనెక్కడ అడిగానని తెల్లబోయాను. నేను మెట్టు దిగగానే నా వెనకే గుమ్మం మీద చెంబెడు నీళ్లు కుమ్మరించింది. శుభ్రమైన మనిషి అనుకున్నాను. ఆ వీధిలో ఆ రోజు ఒక్కరంటే ఒక్కరు పేరు ఇవ్వలేదు.

అసలు ఈ పని నా నెత్తిన పడింది దివిసీమ ఉప్పెన వల్ల. ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది వానాకాలం ముందే తాలూకా ఆఫీసు నుంచి బడికి ఆర్డరు వచ్చింది. పల్లపు వీధుల్లో నడవలేని వృద్ధుల పేర్లు రాయాలి, ఒక్కొక్కరికి నలుగురు మనుషుల్ని ముందే అనుకుని ఉంచాలి, హెచ్చరిక రాగానే వాళ్లను మెరక మీదికి చేర్చాలి. మా బడి మెట్ట మీద ఉంది, పైన పెంకులు కాకుండా స్లాబు ఉంది. కాబట్టి చేర్చాల్సింది మా బడికే. హెడ్మాస్టరుగారికి మోకాళ్ల నొప్పులు. ఆర్డరు చదివి, మడిచి, నా బల్ల మీద పెట్టారు.

ఆయన పెట్టకపోయినా నేనే అడిగి తీసుకునేదాన్ని. మా అమ్మమ్మ చెల్లెల్ని మేం చిన్నమ్మమ్మ అనేవాళ్లం. ఉప్పెనలో పోయింది. ఇంట్లో మగవాళ్లున్నారు, ఇరుగుపొరుగు ఉన్నారు, చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు. గాలి లేచినప్పుడు పెద్దకొడుకు పశువుల్ని విప్పడానికి వెళ్తూ తమ్ముడు తెస్తాడనుకున్నాడు. తమ్ముడు పిల్లల్ని చంకనేసుకుని, పక్కింటివాళ్లు ఎలాగూ తెస్తారనుకున్నాడు. పక్కింటివాళ్లు కొడుకులున్నారు కదా అనుకున్నారు. చిన్నమ్మమ్మ మంచం మీదే ఉండిపోయింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఎవరు తేవాలో ముందే ఒక మాట అనుకుని ఉంటే సరిపోయేది.

అందుకని మర్నాడు మళ్లీ వెళ్లాను. ఈసారి వీధి చివర నుంచి మొదలుపెట్టాను. గెడ్డకు ఆనుకుని ఉన్న ఆఖరి మట్టిగోడల ఇల్లు ఒక మామ్మది. పుట్టిల్లు పద్మనాభం వైపు, వరి పొలాల మధ్య పెరిగిన మనిషి. కొడుకు పోర్టులో కలాసీ. ఓడలకు తాళ్లు కట్టడం, బరువులెత్తడం అతని పని. కోడలికి ఇద్దరు చంటిపిల్లలు. మామ్మకు రెండు మోకాళ్లూ బిగుసుకుపోయి ఏళ్లయింది. అరుగు మీద కూర్చునే వీధి మొత్తం నడిపేది. ఆమె ఊఁ అంటే తప్ప మిగతా ముసలివాళ్లు పేరివ్వరని నాకు అప్పటికే అర్థమైంది.

నేను వెళ్లేసరికి అడ్డపొగ తాగుతోంది. చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగడాన్ని అడ్డపొగ అంటారు. మొదట్లో చూసి హడలిపోయాను. ఆ చుట్ట అలాగే నోట్లో ఉంచుకుని మాట్లాడగలదు ఆమె.

"ఏటమ్మా పంతులమ్మా, వీధిలో అందరికీ పాడి కట్టీసినావంట?"

"పాడి ఏమిటి మామ్మా?"

"నలుగురొచ్చి మోసుకెల్తారని నువ్వే గదా సెప్తన్నావు. పైగా పడుకోబెట్టి అన్నావంట. నలుగురు మోసుకెల్లేది ఎప్పుడో మీ దచ్చినాదిలో తెలీదేటి?"

ఆమె పాడి అన్నది పాడెను. నాకు తల కొట్టేసినట్టయింది. ముసలాయన మౌనం, కోడలి చెంబెడు నీళ్లు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. మా ఊళ్లో అయితే నా నోటంట ఆ మాట రానే రాదు. ఆఫీసు కాగితం మీద అచ్చువేసి ఉంటే ఎలాంటి మాటైనా మర్యాదగానే కనిపిస్తుంది కాబోలు.

అయినా తగ్గలేదు. "పోనీ, ముగ్గురొస్తారు లెండి."

"ముగ్గురెల్తే ఏ పనైనా అవుద్దేటి?"

"అయితే అయిదుగురు."

మామ్మ చుట్ట బయటికి తీసి నా వైపు చూపించింది. "ఆ అయిదోవోడు ముందు నడుస్తాడేటి, నిప్పు కుండ అట్టుకుని?"

లోపలి నుంచి కోడలు ఫక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కోపం నాకు ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. చాప మీద చతికిలబడి చిన్నమ్మమ్మ సంగతి మొత్తం చెప్పేశాను. మెల్లగా కాదు, దెబ్బలాటకు వచ్చినట్టే చెప్పాను. మీ కొడుకు పోర్టులో డ్యూటీలో ఉంటే, మీ కోడలు పిల్లల్ని ఎత్తుకుంటే, మిమ్మల్ని ఎవరు ఎత్తుకుంటారని అడిగాను. పక్కింటివాళ్లు వస్తారంటారా, మా వాళ్లూ అదే అనుకున్నారు అన్నాను.

మామ్మ చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది.

"ఎవులూ ఎల్లలేదేటి?"

"ఎవరూ వెళ్లలేదు మామ్మా."

"మంచం మీదే?"

"మంచం మీదే."

కాసేపటికి, "కూకుని ఎల్తాను" అంది. "పడుకుని ఎల్లను. పడుకుని ఎల్లే రోజు ఏరే ఉంది. ఆ రోజుకి నీ కాయితం అక్కర్లేదు. కూకోబెట్టి అట్టుకెల్తారంటే నా పేరు రాసుకో. ఇంకోటి. ఆ రాయి కాడ మాత్రం దింపకూడదు."

రాయి సంగతి చెప్పాలి. వీధి నుంచి మా బడికి ఒక్కటే దారి. ఆ దారే మెట్ట దాటి అవతల శ్మశానానికి పోతుంది. బడికి కూతవేటు దూరంలో, కాస్త ఇవతలగా, దారి పక్కన ఒక బల్లపరుపు రాయి ఉండేది. శవాన్ని తీసుకెళ్లేవాళ్లు అక్కడ పాడెను ఒకసారి దించుతారు. అయినవాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతారేమోనని. దింపుడు కళ్లం అంటారు. ఇక ఆశ లేదని తెలిసి కూడా పెట్టుకునే ఆశను దింపుడు కళ్లం ఆశ అనడం పుస్తకాల్లో చదువుకున్నాను గానీ, ఆ కళ్లాన్ని కళ్లారా చూసింది ఈ బడికి వచ్చాకే. రోజూ పిల్లలు ఆ రాయి మీద కూర్చుని జామకాయలు తినేవారు, అది వేరే సంగతి.

నలుగురు మనుషులు, మోసుకుపోవడం, శ్మశానం దారి, దారిలో ఆ రాయి. ఆఫీసులో కూర్చుని ఆర్డరు రాసినవాళ్లకు ఇవేవీ తెలియవు. ఆ దారినే రోజూ బడికి వెళ్లే నాకూ తట్టలేదు.

మామ్మ షరతుకు కుర్చీ కావాలి. వీధిలో ఎవరింట్లోనూ చేతుల కుర్చీ లేదు. బడిలో ఒకటుంది, హెడ్మాస్టరుగారిది. టేకు కుర్చీ, కూర్చునే చోటా వెనకా పేము అల్లిక. అడిగాను.

"అది గవర్నమెంటు ఆస్తి అమ్మా. స్టాకు రిజిస్టరులో ఉంది. విరిగితే నేను కట్టుకోవాలి."

"ఇన్‌స్పెక్టరుగారు వచ్చినప్పుడు తప్ప మీరూ అందులో కూర్చోరు కదండీ. అల్లిక ఊడిపోతుందని బెంచీ మీదే కూర్చుంటారు."

ఆయన మొహం మాడ్చుకున్నారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేను అడగకుండానే, "గెడ్డ నీళ్లు తగలనివ్వకండి, పాలిష్ పోతుంది" అన్నారు. ఒప్పుకున్నారన్నమాట.

మోసేవాళ్లకు కరువు లేదు. ఆ వీధిలో సగంమంది పోర్టు కూలీలే. మామ్మ కొడుక్కి మేనబావ ఒకతను కలాసీల మేస్త్రి, వరసకి అత్తైనా అందరిలాగే మామ్మా అనేవాడు. అతను ఇంకో ముగ్గుర్ని పిలిచి, కుర్చీ చేతుల కింద రెండు బొంగులు పెట్టి కొబ్బరి తాళ్లతో బిగించాడు. ఒక ఆదివారం పొద్దున్న, నీరెండలో, మామ్మను కూర్చోబెట్టి వీధంతా ఒక చుట్టు తిప్పి చూశారు. జనం గుమ్మాల్లోకి వచ్చేశారు. "ఓలమ్మో, అమ్మోరు ఊరేగుతోందిరో" అని ఎవరో కేకేశారు. ఒక పిల్లవాడు తప్పెట తెచ్చి వాయించబోతే మేస్త్రి కసిరాడు. మామ్మ మాత్రం నోట్లో చుట్ట, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టుకుని, అటూ ఇటూ చూస్తూ, ఎవరి పెరట్లో ఏం కాసిందో కనుక్కుంటూ వెళ్లింది. వీధి మొదలు చూసి ఎన్నాళ్లయిందో అని దిగాక అంది. ఆ మాటకు మేస్త్రి మళ్లీ ఎత్తమన్నాడు. ఇంకో చుట్టు తిప్పారు.

ఆ సాయంత్రమే మొదటి ఇంటి ముసలాయన కర్ర పోటు వేసుకుంటూ బడికి వచ్చాడు. నాతో ఎప్పుడూ మాట్లాడనివాడు, "నాకూ కుర్సీయేనా?" అని అడిగాడు.

"కుర్చీయే. ఒక్కటే ఉంది, వంతుల మీద."

"అయితే నన్ను కుర్సీలో రాయండి."

అప్పటి నుంచి మా వీధిలో పేరు నమోదు, సహాయం, ఖాళీ చేయించడం లాంటి మాటలేవీ లేవు. కుర్చీలో రాయించుకోవడమే. చెంబెడు నీళ్లు పోసిన కోడలు కూడా వాళ్ల అత్తగారిని కుర్చీలో రాయించింది. నేను గుమ్మం దిగేటప్పుడు మాత్రం వెనక్కి తిరిగి చూశాను, చెంబు ఉందేమోనని.

రెండు వానాకాలాలు ఊరికే పోయాయి. ఏటా ఆశ్వయుజం రాకముందే నేను వీధిలోకి వెళ్లి, కొత్తగా మంచాన పడినవాళ్లను చేర్చుకుని, కుర్చీ తాళ్లు మార్పించేదాన్ని. "ఈ యేడు వొస్తాదంటావా?" అని మామ్మ అడిగేది. ఆమె గొంతులో కొంచెం సరదా కూడా ఉండేదని నా అనుమానం.

ఎనభైల మొదట్లో ఒక కార్తీకంలో వచ్చింది. పొద్దుటి నుంచి ముసురు. మధ్యాహ్నానికి రేడియోలో చెప్పారు, పోర్టులో పెద్ద ప్రమాద సూచిక ఎగరేశారని. ఓడల్ని రేవు నుంచి సముద్రంలోకి పంపేస్తున్నారు, కలాసీలను ఆపేశారు. మామ్మ కొడుకు ఇంటికి వచ్చే దారి లేదు. మేస్త్రికి ఆ రోజు డ్యూటీ లేకపోవడం మా అదృష్టం. పిల్లల్ని ఇళ్లకు పంపేసి, గదుల తాళాలు తీసి, హెడ్మాస్టరుగారి కుర్చీ నేనే వీధిలోకి ఈడ్చుకుంటూ పరుగెత్తాను. ఆయన అరుగు మీద నిలబడి చూస్తున్నారు గానీ పాలిష్ మాట ఎత్తలేదు.

గెడ్డ అప్పటికే ఎదురు తంతోంది. సముద్రం నీళ్లు తీసుకోవడం లేదు. మామ్మ ఇంటి ముందు మోకాలి లోతు. కోడలు పిల్లల్ని చెరో చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. మామ్మ మంచం మీద కూర్చుని, తన మూట కట్టుకుని, చుట్ట వెలిగించుకుని సిద్ధంగా ఉంది. "ఇంత ఆలస్యమేటి?" అంది.

నలుగురూ ఎత్తారు. నేను మూట పట్టుకుని పక్కన నడిచాను. గాలికి గొడుగు మొదట్లోనే పోయింది. ఎదురుగా ఏమీ కనపడటం లేదు. వాన మొహం మీద రాళ్లు విసిరినట్టు కొడుతోంది. అంత వానలోనూ మామ్మ చుట్ట ఆరలేదు, నిప్పు నోట్లో ఉంది కాబట్టి. తలెత్తి ఆమె ముక్కులోంచి వస్తున్న పొగ చూస్తే కొంచెం ధైర్యంగా ఉండేది.

మెట్ట ఎక్కే చోట వెనక మోసేవాళ్లలో ఒకతనికి కాలు జారింది. కుర్చీ ఒరిగింది. మేస్త్రి అరిచాడు. "దింపండ్రా, దింపండి, భుజం మారుద్దాం!" దింపడానికి ఆ బురదలో గట్టి నేల ఒక్కటే ఉంది. కుర్చీ రాయి మీద ఆనేదాకా ఎవరికీ తెలియలేదు అదే రాయి అని.

నలుగురూ కొయ్యబారిపోయారు. బావా, బావా అని ఒకరినొకరు పిలుచుకుంటున్నారే గానీ ఎవరూ మళ్లీ ఎత్తడం లేదు. ఒకతను ఏడుపు మొహం పెట్టాడు. "తప్పయిపోనాది మామ్మా." మాటిచ్చినదాన్ని నేను. కింద వీధిలోంచి నీళ్ల చప్పుడు వినపడుతోంది. ఇంకా ఎత్తాల్సిన వాళ్లు ఉన్నారు.

మామ్మ చుట్ట నోట్లోంచి తీసి పారేసింది.

"ఏట్రా సూత్తన్నారు? దింపీసినారు గదా. పిలండ్రా మరి!"

"ఏటని పిలిసీది మామ్మా?"

"మూడుసార్లు పిలండ్రా. నాను పలుకుతాను."

మేస్త్రి వంగి పిలిచాడు. "మామ్మా!"

"ఉన్నాన్రా!"

"మామ్మా!"

"ఉన్నాన్రా!"

మూడోసారి నలుగురూ కలిసి పిలిచారు. నేనూ పిలిచాను. ఆమె అరిచిన అరుపుకు నా చెవులు గింగురుమన్నాయి. "ఉన్నాన్రోయ్! ఎత్తండిక, తడిసి సత్తన్నాను!"

అప్పుడు నవ్వు వచ్చింది అందరికీ. ఆ నవ్వుతోనే ఎత్తేశారు. బడి అరుగు ఎక్కించి, ఖాళీ కుర్చీతో మళ్లీ వీధిలోకి పరుగెత్తారు.

చీకటి పడేలోపు రాయించుకున్న వాళ్లందరూ చేరారు. నేను పిల్లలకు హాజరు పిలిచినట్టే ఒక్కొక్కరి పేరూ పిలిచాను. మొదట మామ్మ ఉన్నానంది, ఆమెను చూసి అందరూ అదే మాట పట్టుకున్నారు. ఉన్నానని ఒకరు, ఉన్నానమ్మా అని ఇంకొకరు. మొదటి ఇంటి ముసలాయన రెండుసార్లు పలికాడు. పేర్లు అయిపోయాక నేను నల్లబల్ల వెనక్కి వెళ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. చిన్నమ్మమ్మ పేరు పిలిచినవాళ్లు ఎవరూ లేరు కదా అనిపించింది.

తెల్లారి చూస్తే గెడ్డ పక్క ఇళ్ల మట్టిగోడలు కరిగిపోయాయి. మామ్మ మంచం కూలిన పైకప్పు కింద పడి ఉంది. కొడుకు పోర్టు నుంచి నడుచుకుంటూ వచ్చి, ఆ ఇంటిని చూసి నేల మీద కూలబడ్డాడు. తల్లి బడిలో హెడ్మాస్టరుగారి కుర్చీలో కూర్చుని గంజి తాగుతోందని ఎవరో చెప్పేదాకా లేవలేదు.

ఆ తర్వాత ఇంకొన్నేళ్లు ఉంది మామ్మ. కొడుకు ఇటుక గోడలు లేపి ఇల్లు మళ్లీ కట్టాడు. అరుగు మాత్రం పాతదే ఉంచమంది. వానాకాలం ముందు నేను వెళ్లడం ఆలస్యమైతే, కోడలి చేత కబురు పెట్టేది, నన్ను రాసినావా లేదా అని.

ఆమె పోయింది మాఘంలో. ఆకాశంలో మబ్బు తునక లేని రోజు. నిద్రలోనే పోయిందని కోడలు వచ్చి చెప్పింది. పొద్దున్నే వెళ్లి చూసి, కాళ్లకు దండం పెట్టి, బడికి వచ్చేశాను. ఆడవాళ్లు శ్మశానం దాకా వెళ్లరు.

రెండో తరగతికి ఎక్కాలు చెప్పిస్తుంటే డప్పులు వినపడ్డాయి. పిల్లల్ని ఊరుకోమని గుమ్మంలోకి వచ్చాను. ముందు కొడుకు, చేతిలో కుండ. వెనక మేస్త్రి, ఇంకో ముగ్గురు, వాళ్లే. పడుకునే వెళ్తోంది ఈసారి. రాయి దగ్గర డప్పులు ఆగాయి. దించారు. కొడుకు వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, "అమ్మా" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. మేస్త్రి మా బడి వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

మూడోసారి పిలిచాడు. నేను గుమ్మం పట్టుకుని చెవి ఒగ్గి నిలబడ్డాను. గాలి లేదు, వాన లేదు. ఎంత మెల్లగా అన్నా వినపడేది.

పలకలేదు.